గంధకపు నీళ్ళ ఊళ్ళో అత్తయ్యతో

మొన్న ఆదివారం సింగపూర్‌లో, హౌగాంగ్‌లోని మా ఫ్లాట్‌కి స్నేహితులు భోజనానికి వచ్చారు. పప్పుచారు గిన్నె అందుకోవడానికి మా అమ్మాయి చేయి చాపితే, మోచేతి మీది ఎర్రటి మచ్చా, దాని మీద లేచిన తెల్లటి పొట్టూ అందరి కళ్ళా పడ్డాయి. వచ్చినావిడ "అదేంటి తల్లీ, కాలిందా?" అని అడిగింది. నా చేతిలో గరిట ఆగిపోయింది. మా అమ్మాయి మాత్రం అన్నం కలుపుకుంటూనే, "సోరియాసిస్ ఆంటీ. అమ్మకి కూడా ఉంది. జస్ట్ స్కిన్ లా," అని ఈ ఊరి యాసలో అనేసి అప్పడాల డబ్బా ఇటివ్వమంది. ఆ మాట నలుగురిలో పైకి అనడం నాకు ఇన్నేళ్ళయినా చేతకాలేదు. అది నా తరఫున కూడా అనేసింది. వాళ్ళు వెళ్ళిపోయాక సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతుంటే, ఫ్రాన్సులో ఓ పల్లెటూళ్ళో, కోడిగుడ్లు కుళ్ళిన వాసన వేసే వేడినీళ్ళ హోటల్లో మా అత్తయ్యతో గడిపిన వారం గుర్తొచ్చింది.

ఒంటిని దాచుకోవాలనుకునే మనిషికి సింగపూరంత ఇబ్బంది పెట్టే ఊరు ఇంకోటి ఉండదు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క. ఆడా మగా చిన్నా పెద్దా అందరూ పొట్టి చేతుల చొక్కాల్లో హాయిగా తిరుగుతుంటే, నేను ముంజేతుల దాకా కప్పుకుని రైల్లో చెమటలు కక్కుకుంటూ నిలబడేదాన్ని. అవి ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఓ బ్యాంకు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా పని. ఆ ఆఫీసు ఏసీని అందరూ తిట్టుకునేవారు, నేనొక్కదాన్నే దానికి మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. చలి వంకతో రోజంతా స్వెటర్ వేసుకోవచ్చు కదా. నల్ల ప్యాంటు నా అలమారలో ఉండేది కాదు. కుర్చీ లోంచి లేచేముందు, ఏదో పడిపోయినట్టు వంగి, సీటు మీద రాలిన పొట్టు దులిపేసేదాన్ని. ఇంట్లో దుప్పట్లన్నీ తెల్లవే. చూసినవాళ్ళు నాకు శుభ్రత ఎక్కువనుకునేవారు.

పెళ్ళికి ముందే మా ఆయనకి ఫోన్‌లో చెప్పాను. ఆయన "అంటుకుంటుందా?" అని అడిగారు. అంటదన్నాను. "అయితే సరే. మా అమ్మకి మాత్రం చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది," అన్నారు. అలా ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఉండిపోయింది. మామగారు పోయాక అత్తయ్య తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలోనే, "ఆఫీసుకి పోయి అలిసిపోయి వచ్చేదానివి, నీకు ఈ పొయ్యి దగ్గర పనేంటి? నువ్వు చెయ్యి పెట్టబాకు, అంతా నేను చూసుకుంటా," అని వంటిల్లు తన చేతుల్లోకి తీసుకున్నారు. కూరలు తరగనిచ్చేవారు కాదు, పిండి కలపనిచ్చేవారు కాదు. పైగా, నా పుట్టింటి వాళ్ళిచ్చిన స్టీలు పళ్ళెం ఒకటుంటే, రోజూ వెతికి మరీ అందులోనే నాకు వడ్డించేవారు. "పుట్టింటి పళ్ళెంలో తింటే ఆ తృప్తే వేరు," అనేవారు. మా బ్లాకులోని తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి నేను గొప్పగా చెప్పుకున్నాను. అత్తలతో పడలేక పొద్దున్నే ఫోన్లలో ఏడ్చే నా స్నేహితురాళ్ళు, "నువ్వు ఏ జన్మలో పుణ్యం చేశావో," అని నిట్టూర్చేవారు.

ఇలా ఉండగా, మా టీమ్‌లో పనిచేసే ఓ ఫ్రెంచి అబ్బాయి ఓ మధ్యాహ్నం హాకర్ సెంటర్‌ తిండి కొట్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని భోంచేస్తూ, పైకి జరిగిన నా చొక్కా చేతి అంచు కింద మచ్చ చూసి, గొంతు తగ్గించి, తన పెద్దమ్మకీ ఇలాగే ఉండేదనీ, వాళ్ళ ఊళ్ళో గంధకపు నీటి ఊటలో స్నానాలు చేస్తే నెమ్మదించిందనీ చెప్పాడు. ఆ ఊట పక్కన హోటలు ఆ పెద్దమ్మ వాళ్ళదేనట. నాకు తలకొట్టేసినట్టయింది. థాంక్స్ చెప్పి నూడుల్స్ అక్కడే వదిలేసి లేచిపోయాను. కానీ మా ఆయన ఆ మాట పట్టుకుని ముగ్గురికీ టిక్కెట్లు కొన్నారు. అత్తయ్యతో విహారయాత్ర అని చెప్పాం. తీరా ప్రయాణం రేపనగా ఆయన ప్రాజెక్టులో ఏదో కుప్పకూలింది. "మీరు ముందెళ్ళండి, నేను రెండు రోజుల్లో వచ్చి కలుస్తా," అన్నారు. ఆ రెండు రోజులు వారమంతా సాగాయి. ఆయన రానే లేదు.

ఆ హోటలు పెద్దదేమీ కాదు. రాతి గోడలు, వాటి మీదికి పాకిన ద్రాక్షతీగ, నీలం రంగు చెక్క కిటికీలు. హోటలావిడ లెక్కలూ గదులూ చూసుకునేది, వాళ్ళాయన వంట చేసేవాడు, కూతురు వెనక ఉన్న స్నానాల పాకలో పనిచేసేది. ఇంట్లో ఎక్కడ నిలబడినా గంధకం వాసన. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇదేం కంపే అమ్మాయ్, వీళ్ళు నీళ్ళలో గుడ్లు ఉడకేశారా ఏంటి?" అన్నారు. పొద్దున ఫలహారాల దగ్గర అందరూ హోటలు వాళ్ళిచ్చిన తెల్ల అంగీల్లో వచ్చి కూర్చుంటే, "వీళ్ళకి బట్టల్లేవంటావా?" అని నా చెవిలో అడిగారు. తను మాత్రం నేత చీర మీద స్వెటరు, కాళ్ళకి మా ఆయన మేజోళ్ళు, తలకి మఫ్లరు చుట్టుకుని తిరిగేవారు. హోటలావిడ గాలి ఆడాలని కిటికీలు తెరిచేది, అత్తయ్య చలి కొడుతుందని మూసేవారు. ఆవిడ ఫ్రెంచిలో ఏదో అనేది, ఈవిడ తెనాలి తెలుగులో జవాబిచ్చేవారు. రెండో రోజుకి, సగం తెరిచి ఉంచడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారో నాకు తెలియదు. పగలంతా అత్తయ్య వంటింటి వెనక బల్ల మీద ఆ పెద్దాయన పక్కన కూర్చుని చిక్కుడుకాయల్లాంటి కాయలు ఒలిచిపెట్టేవారు. కూర్చుని తినడం ఆవిడకి చేతకాదు.

నేను పొద్దున్నే, "అలా నడిచొస్తానత్తయ్యా," అని చెప్పి స్నానాల పాకలోకి వెళ్ళేదాన్ని. ముందు తొట్టెలో వేడి నీళ్ళు, ఆ తర్వాత వీపుకి బూడిదరంగు బంకమట్టి. మట్టి పూసేది కూతురు. ఆ అమ్మాయి నా వీపు చూసి మొహం చిట్లించలేదు, జాలీ పడలేదు. గోడకి సున్నం వేసినట్టు తన పని తాను చేసుకుపోయేది. అయినా నేను కళ్ళు మూసుకునే ఉండేదాన్ని.

ఒక రోజు ఆ అమ్మాయి కొడుక్కి జ్వరమని పట్నం వెళ్ళింది. హోటలావిడేమో మణికట్టు బెణికి కట్టు కట్టుకునుంది. నేను తొట్టెలోంచి లేచి, నడుం దాకా తువ్వాలు చుట్టుకుని, వీపు ఆరబెట్టుకుంటూ నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. హోటలావిడ వాళ్ళ భాషలో అమ్మని పిలిచినట్టు "మమా, మమా" అంటూ, అత్తయ్యని మా అమ్మ అనుకుని కాబోలు, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ క్షణాన నా ఒంటి మీద చీమ పాకినా తెలిసేది. రెండు చేతులూ గుండెలకి అడ్డం పెట్టుకుని మూలకి తిరిగాను. అలా తిరిగితే వీపంతా కనిపిస్తుందని తిరిగాక గానీ తట్టలేదు. భుజాల నుంచి నడుం దాకా పటంలో దేశాల్లా మచ్చలు. హోటలావిడ మట్టి గిన్నె అత్తయ్య చేతిలో పెట్టి, ఎలా పూయాలో గాల్లో చేత్తో చూపించి వెళ్ళిపోయింది.

నీళ్ళు బొట్లు బొట్లుగా రాళ్ళ మీద పడుతున్న చప్పుడు. కాసేపటికి అత్తయ్య, "బల్ల మీద పడుకో. చలికి వణుకుతున్నావు," అన్నారు.

బోర్లా పడుకున్నాను. మొదట ఒక వేలు తగిలింది. తర్వాత అరచెయ్యి. మట్టి గోరువెచ్చగా ఉంది. ఆవిడ చెయ్యి అంతకంటే చల్లగా ఉంది. వీపంతా పూసి, మట్టి ఆరేదాకా కదలకూడదు కాబట్టి, పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నారు. నాకు ఆవిడ కాళ్ళూ, మా ఆయన మేజోళ్ళూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"మీకు ముందే చెప్పాల్సిందత్తయ్యా," అన్నాను.

"నాకు తెలుసులేవే," అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"వచ్చిన నెల్లోనే. నీ దుప్పట్లు ఉతికేటప్పుడు ఆ పొట్టు చూశా. తర్వాత ఓ రోజు నువ్వు తల దువ్వుకుంటుంటే మెడ మీద చూశా."

తెలిసీ ఇన్నాళ్ళూ నన్ను కడుపులో పెట్టుకున్నారే అనిపించి నాకు ఏడుపొచ్చింది. అదే మాట అన్నాను. మేజోళ్ళలో కాలివేళ్ళు ముడుచుకోవడం కనిపించింది.

"అట్టా అనబాకమ్మా. నువ్వట్టా అన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటది. నిన్ను వంటింట్లోకి రానీయంది ప్రేమతో కాదు. నీ చేత్తో కలిపింది తినబుద్ధి కాక. ఆ పళ్ళెం కూడా అంతే. పుట్టింటిదని కాదు. వేరేగా ఉంచాలని."

మట్టి బిగుసుకుంటోంది. నేను బల్ల చెక్క మీద మొహం ఆనించుకున్నాను. ఆ పళ్ళెం గురించి నేను ఎంతమందితో చెప్పానో, ఏయే గుమ్మాల్లో నిలబడి, ఎంత మురిసిపోతూ చెప్పానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఒంటి సిగ్గుకి నేను అలవాటుపడ్డాను. ఇది వేరే సిగ్గు. ఎక్కడ కప్పుకోవాలో తెలియలేదు.

"పెళ్ళికి ముందు చెప్పకుండా మోసం చేశారని కోపం కూడా వచ్చింది," అన్నారామె. "తర్వాత, మన కింద అంతస్తులో ఉండే డాక్టరమ్మని అడిగితే అంటుకునే జబ్బు కాదంది. అప్పుడైనా నిన్ను వండమనాల్సింది. ఉన్నట్టుండి వండమంటే, ఇన్నాళ్ళూ ఎందుకొద్దన్నానో నీకు తెలిసిపోద్దని భయమేసింది. అందుకని వండుతూనే ఉన్నా. నీ దగ్గర దాచడానికే ఇన్నేళ్ళు వండా."

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ఆవిడా ఏడ్చారో లేదో నేను చూడలేదు. అంతలో హోటలావిడ వచ్చి, మంచి చేత్తో రబ్బరు గొట్టం పట్టుకుని, తోటలో మొక్కకి పోసినట్టు నా వీపు మీద నీళ్ళు కొట్టింది. కడిగిన మట్టి అత్తయ్య కాళ్ళ దాకా పారి మేజోళ్ళు తడిసిపోయాయి. "అయ్యో, వాడి మేజోళ్ళు!" అన్నారావిడ. ఆ పూట మా మధ్య అదే ఆఖరి మాట.

మర్నాడు నడక వంక చెప్పలేదు. చెప్పకుండానే అత్తయ్య నా వెనక వచ్చి గిన్నె అందుకున్నారు. తిరిగి వచ్చే ముందురోజు మధ్యాహ్నం మాత్రం, "అందరూ దిగే ఆ కొలనులోకి నువ్వెందుకు దిగవు?" అని అడిగారు. అప్పటిదాకా నేను ఆ వైపే వెళ్ళలేదు. వెళ్ళి చూస్తే, నాలాంటి మచ్చలవాళ్ళు, అంతకంటే ఎక్కువున్నవాళ్ళు, మోకాళ్ళ నెప్పుల ముసలివాళ్ళు వేడినీళ్ళలో కూర్చుని వాతావరణం గురించో కూరగాయల గురించో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళెవరూ దాచుకోవడం లేదు. మోచేతుల దాకా పొట్టు లేచిన ఓ తాత నాకు చోటిస్తూ పక్కకి జరిగి "బోంజూర్" అన్నాడు. పొట్టిచేతుల ఈత దుస్తుల్లో నేను గబగబా గొంతు దాకా మునిగిపోయాను. అత్తయ్య గట్టు మీద కూర్చుని, చీర పిక్కల దాకా పైకి లాక్కుని, కాళ్ళు నీళ్ళలో పెట్టారు. చాలాసేపయ్యాక, "ఎంతసేపలా మునిగి కూచుంటావు, కాస్త పైకి లే, ఊపిరాడొద్దూ," అన్నారు. భుజాల దాకా లేచాను. నా జీవితంలో నలుగురి మధ్య అంత మేర ఒళ్ళు కనపడనివ్వడం అదే మొదలు.

ఆ నీళ్ళ వల్ల జబ్బు పోలేదు. రెండు నెలలు నెమ్మదించి మళ్ళీ వచ్చింది. కానీ ఇంటికొచ్చిన మర్నాడు అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, ఉడికిన అన్నం బేసిన్‌లో ఆరబోసి, "పులిహోర కలుపు. గరిటెతో కాదు, చేత్తో," అన్నారు. కలిపాను. ఆవిడ నా ఎదురుగా నిలబడి, మొదటి ముద్ద తీసుకుని, నమిలి, మింగి, "ఉప్పెక్కువైంది," అన్నారు. నిజంగానే ఎక్కువైంది. నా వంటకి ఆవిడ పెట్టిన మొట్టమొదటి వంక అది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. స్టీలు పళ్ళెం మిగతా వాటిలో కలిసిపోయింది. ఆ పూట నుంచి ఎవరికి ఏది చేతికొస్తే అందులో తిన్నాం. అయినా, స్నేహితురాళ్ళెవరైనా ఇంటికొచ్చి, "మీ కోడల్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటారటగా ఆంటీ," అంటే మాత్రం, ఆవిడ ఆరిన బట్టలు తీసే పని పెట్టుకుని లేచి వెళ్ళిపోయేవారు. నేనూ కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఆ వారం సంగతి మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మా ఆయనకీ చెప్పలేదు. మా అమ్మాయి పుట్టాక దానికి నలుగు పెట్టి నీళ్ళు పోసింది ఆవిడే. అది బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడు ఆవిడ పోయారు.

ఒకే ఫ్లాట్‌లో ఒకరి నుంచి ఒకరం దాక్కుని గడిపిన ఏళ్ళు కొన్నే. దాక్కోకుండా గడిపినవి వాటికంటే ఎక్కువే. అయినా ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ కొన్ని ఏళ్ళే చాలా పొడుగ్గా కనిపిస్తాయి. తర్వాత ఆవిడతో దాపరికం లేకుండా ఉన్నవి మాత్రం ఎప్పుడు గడిచాయో కూడా తెలియలేదు.