తోమేసిన మినర్వా

ఈ ఉదయం పూజ వెండి తోముతుంటే తడి విభూతి వాసనకు సింహాచలం తాతగారు గుర్తొచ్చారు. ఆ వెనకే, ఎప్పటిలాగే, ఆయన మనవరాలు పింకీ మీద నా కుళ్ళూ గుర్తొచ్చింది.

ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. మాది హిందీ మాట్లాడే రాష్ట్రంలోని ఉక్కు టౌన్‌షిప్. సెక్టర్ 7లో మా పక్క క్వార్టర్‌లో ఉండే తాతగారు ఉక్కు ప్లాంటు లేబరేటరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయనే నాకు చదువు చెప్పేవారు. వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చిన ఆరు రోమను వెండి నాణేలే నా చరిత్ర పుస్తకం. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు దేవుడు. పిడుగు పట్టుకున్న జూపిటర్‌ను చూపించి, “మన ఇంద్రుడికి ఈయన వరసకి ఏటవుతాడో సెప్పు” అని నవ్వేవారు. శిరస్త్రాణం పెట్టుకుని ఈటెతో నిలబడ్డ మినర్వా చదువుల తల్లి అని తెలిశాక నేను రోజూ ఆవిడకు దండం పెట్టేదాన్ని. నాణేన్ని మాత్రం ఆయనే అంచులు పట్టుకుని చూపించేవారు. “ముట్టుకోకమ్మా, సెమట తగుల్తాది.”

ఆదివారాలు నెహ్రూ నగర్ నుంచి పింకీ వచ్చేది. ఆమెకు ఆ దేవతల పేర్లు ఒక్కటీ తెలియవు. అయినా తాతగారు నా మినర్వాను ఆమె అరచేతిలో పెట్టేవారు. ఆమె దాన్ని బల్ల మీద బొంగరంలా తిప్పి, “తాతా, దేఖో!” అని కేకలు పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం నాణేన్ని బల్ల మీదే వదిలేసి తాతగారితో పెరట్లోకి వెళ్ళింది. నల్లబడి ఉన్న చదువుల తల్లిని, పింకీకన్నా నేనే బాగా చూసుకుంటానని ఆయనకు తెలియాలనిపించింది. ఇంటికి పరిగెత్తి విభూతి, చింతపండు తెచ్చి, మా అమ్మ కుందులు తోమినట్టు తోమాను. మినర్వా తళతళలాడింది.

తాతగారు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డారు. “ఏటి సేసీసినావే తల్లీ! ఆ నలుపు పట్టడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో! అదే దానికి రక్ష.”

“దీదీ, అంట్ల గిన్నె అనుకున్నావా?” అంది పింకీ.

నా ఏడుపు చూసి ఆయన ఆ నాణేన్ని నా అరచేతిలో పెట్టారు. “ఇంక ముట్టుకో. పాడవడానికి ఏటీ మిగల్లేదు.”

“మరి పింకీకెందుకు ఇచ్చేవారు?”

“అది ఆడుకోడానికొస్తాది. నువ్వు సదువుకోడానికొస్తావు కదమ్మా.”

గౌరవంగానే అన్నారు. నాకూ ఆడుకోవాలని ఉంటుందని ఆయనకు తట్టలేదు.

ఆయన పోయాక నాణేలన్నీ పింకీకి వెళ్ళాయి. న్యాయమే. ఆయన చెప్పిన చదువుతో నేనిప్పుడు సెక్టర్ 2లో పదిమంది పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అందుకు రోజూ దేవుడి ముందు ఆయన పేరు తలుచుకుని దండం పెడతాను. పింకీ కూడా చల్లగా ఉండాలని అనబోతాను. ఇన్నేళ్ళయినా ఆ మాట నోట్లోనే ఆగిపోతుంది.