కొండమీది ఊళ్ళో అత్తగారి పాదాలు

చాండ్లర్‌లో మా ఇంటి ముందున్న కాలిబాట మీద మనిషన్నవాడు నడవగా పదేళ్ళలో నేను చూసింది రెండేసార్లు. ఒకసారి కారు చెడిపోయినాయన. రెండోసారి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన ఆవిడ. అలాంటి ఊళ్ళో, గుంటూరులో రోజూ రైతుబజారుకి నడిచి వెళ్ళొచ్చే మా అత్తగారు అయిదు నెలలు ఉన్నారు.

"ఏం దేశమండీ అల్లుడుగారూ! కొత్తిమీరకి కూడా కారేనా? నేను వెళ్ళేలోగా ఒక్కరోజు కాళ్ళతో తిరిగే ఊరేదన్నా ఉంటే చూపించండి" అన్నారు. తిరుగు ప్రయాణం పదిరోజుల్లోకి వచ్చింది.

అదే వారం మా ఆవిడకి ఆఫీసు మీటింగ్ న్యూ మెక్సికోలో పడింది. ముగ్గురం కలిసి కార్లో వెళ్ళాం. ఆవిడ మీటింగ్‌లో కూర్చున్న రోజున నేనూ అత్తగారూ శాంటా ఫే దాటి, ఎప్పుడో స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళు కొండ అంచున కట్టుకున్న ఓ పాత ఊరికి బయల్దేరాం. పొద్దున్నే మా ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "అమ్మ చెప్పులు విప్పకుండా చూడు. అదొక్కటి చెయ్యి చాలు" అంది.

ఆ ఒక్కటీ చిన్నదేం కాదు. అత్తగారికి పాతికేళ్ళ షుగర్. పాదాల్లో స్పర్శ పోయింది. రెండేళ్ళ కిందట ఏదో గుచ్చుకుని, ఆ సంగతే తెలియక, పుండు ముదిరి ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. మళ్ళీ పుండు పడితే పాదానికే ముప్పని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ ఇంట్లో కూడా ఆవిడ కాలికి షుగర్ వాళ్ళకని చేసే మెత్తటి ఎమ్‌సీఆర్ చెప్పులుండాల్సిందే.

ఎనిమిదివేల అడుగుల ఎత్తున్న ఊరది. ఇంకో రెండు మలుపులు తిరిగితే ఇంద్రసభ వాచ్‌మన్ ఆపి ఐడీ అడుగుతాడు. కారు దిగి పది అడుగులు వేశానో లేదో నా ఊపిరితిత్తులు రెండూ రాజీనామా పత్రాలు చేతికిచ్చాయి. అత్తగారు మాత్రం చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకుని ముందు నడుస్తున్నారు.

"ఇంత దూరం తీసుకొచ్చి మట్టిగోడలు చూపిస్తున్నారా? ఇవి మా అమ్మమ్మ ఊళ్ళో బోలెడు!" అన్నారు. అంటూనే ప్రతి గోడనీ తడిమారు. ప్రతి వాకిట్లోకీ తొంగి చూశారు. ఊరివాళ్ళు దండలు కట్టి ఎండబెట్టిన ఎర్రమిరపకాయల దగ్గర ఎంతసేపు నిలబడ్డారంటే, ఆలోగా నేనొక చిన్న కునుకు తీసి లేవగలిగేవాణ్ణి. ఏ ఇంటి ముందూ తొందరపడలేదు మేం.

ఊరి మధ్య మట్టితో కట్టిన చర్చి. ఆ రోజు ఊరివాళ్ళంతా చేరి గోడలకి కొత్త మట్టి మెత్తుతున్నారు. ఆడవాళ్ళు మట్టీ గడ్డీ కలిపిన ముద్దలు తీసి అరచేతులతో పామి నునుపు చేస్తున్నారు. అత్తగారు కాసేపు చూసి, "గడ్డి తక్కువేశారు. బీటలిస్తుంది" అని తీర్పిచ్చారు. లోపలికి వెళ్ళొచ్చన్నారు, వెళ్ళాం.

దేవుడి గడప కనపడగానే ఆవిడ కాళ్ళు చెప్పుల్లోంచి వాటంతటవే బయటికొచ్చాయి. నా బూట్లూ అంతే. మా ఆవిడకిచ్చిన మాట ఏ లోయలోకి దొర్లిపోయిందో! ఇద్దరం ఎంతో భక్తిగా, పద్ధతిగా, బుద్ధిలేకుండా లోపలికెళ్ళి దణ్ణం పెట్టుకున్నాం.

వెనక్కి వచ్చేసరికి ముందు గుమ్మం చుట్టూ మెత్తేస్తున్నారు. నిచ్చెన మీదున్నాయన చెయ్యూపి, తడిగా ఉంది, పక్క తలుపులోంచి వెళ్ళమన్నాడు. వెళ్ళాం. గోడ వెంట గడ్డిలో చుట్టు తిరిగి వస్తుంటే నా అరికాల్లో చురుక్కుమంది. వంగి చూస్తే పల్లేరుకాయ! ఇక్కడిదాకా ఎలా వచ్చిందోగాని అచ్చం మన పల్లేరే. తలెత్తి చూస్తే ముందు అత్తగారు, వట్టి పాదాలతో, హాయిగా, కబుర్లు చెబుతూ వెళుతున్నారు.

"అత్తయ్యగారూ, ఆగండి! అడుగు తియ్యకండి!"

"ఏందండీ, పామా?"

పామైతే నేనింత భయపడేవాణ్ణి కాదు.

అప్పుడు మలుపు తిరిగి ఒక ముసలావిడ వచ్చింది. మోచేతులదాకా మట్టి. ఆ చేతుల్లో అత్తగారి చెప్పులు. "ఇవెవరివి? ఇవి లేకుండా నడుస్తున్నదెవరు?" అని ఇంగ్లీషులో గద్దిస్తోంది. చెప్పుల అడుగు చూడగానే అవి షుగర్ ఉన్న మనిషివని ఆవిడకి తెలిసిపోయిందట. తన ప్యాంటు పైకి లాగి బూట్లు చూపించింది. అవీ షుగర్ వాళ్ళవే. గుమ్మం దగ్గర ఈ చెప్పులు కనపడగానే పని వదిలేసి, మనిషిని వెతుకుతూ చర్చి చుట్టూ తిరుగుతోంది.

అక్కడే బెంచీ మీద అత్తగారిని కూర్చోబెట్టింది. తన చేతులు మట్టి కాబట్టి పాదం పట్టుకుని చూడమని నాకు చెప్పింది. అత్తగారు కాళ్ళు చటుక్కున చీరలోకి లాక్కున్నారు.

"అల్లుడిచేత కాళ్ళు పట్టించుకోవడమా! అప్రతిష్ఠ! అమ్మాయి వచ్చి చూస్తుందిలెండి సాయంత్రం."

నేనది అనువదించి చెప్పాను. ముసలావిడ నిచ్చెన మీదాయన్ని చూపించి, "వాడు మా అల్లుడు. రోజూ నా పాదాలు వాడే చూస్తాడు. నాకు కళ్ళు ఆనవు, వాడికి ఆనుతాయి. అంతే కదా!" అంది. ఆయన అక్కణ్ణుంచే మాకు మట్టిచెయ్యి ఊపాడు.

ఈ ముక్క తెలుగులో చెప్పాక అత్తగారు కాసేపు నిచ్చెనవంక చూశారు. తర్వాత మొహం పక్కకి తిప్పుకుని, పాదం ముందుకి చాపారు. నేను చూసినంత పరీక్షగా వజ్రాల వ్యాపారి కూడా చూసి ఉండడు. కుడిపాదంలో రెండు పల్లేరుకాయలు, ఎడమదాంట్లో ఒకటి. ముసలావిడ ఎవరిచేతో నీళ్ళూ, శుభ్రమైన గుడ్డా తెప్పించింది. ఒక్కొక్కటే లాగాను. మూడూ మడమ దగ్గర గట్టిపడ్డ చర్మంలోనే ఆగాయి. కడిగి, తుడిచి, నొక్కి చూశాను.

"రక్తం?" అంది ఆవిడ.

"లేదు."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. లేదు. నా కళ్ళు ఎందుకు తడిశాయంటే, అంత ఎత్తులో గాలి పల్చన కదా, అందుకు.

చెప్పులు తొడుక్కుని అత్తగారు ఆవిడ మట్టిచేతులు రెండూ పట్టుకున్నారు. "గడ్డి ఇంకాస్త వెయ్యమని చెప్పండి" అన్నారు నాతో. చెప్పాను. ఆవిడ నవ్వి, అవునంది. ఆ తర్వాత ఊరి చివర కొండ అంచుదాకా నడిచాం, ఒక్క సందు కూడా వదలకుండా.

ఆ పుణ్యాత్మురాలి పేరు అడగడం కూడా మర్చిపోయాను. వారం గడిచినా ఎక్కడా పుండు పడలేదు. విమానం ఎక్కేదాకా రోజూ స్నానమవగానే అత్తగారు హాల్లో సోఫాలో కూర్చుని, టీవీలోంచి చూపు తిప్పకుండా, నావైపు పాదం చాపేవారు.