బక్క మనిషికి ఎక్కించిన బాటిళ్లు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. చేవెళ్ల, మొయినాబాద్ మధ్య ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను మెడికల్ ఆఫీసర్‌ని. ముడిమ్యాల నుంచి మల్లయ్య తన భార్య అంజమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె పూలతోటల్లో కూలికి పోయే మనిషి, నలభై కూడా దాటలేదు. జాకెట్టు భుజాల మీది నుంచి జారిపోతోంది. రెండు మోచేతుల దగ్గరా సూది పోట్ల నల్లమచ్చలు.

"ఇవేంటమ్మా?"

"గ్లూకోజ్ ఎక్కిచ్చినం మేడం," అన్నాడు మల్లయ్య. "నీరసం అన్నప్పుడల్ల ఆరెంపీ డాక్టర్ బాటిల్ వెడ్తుండు. ఆ దినం జర లేస్తది, మల్ల పడ్తది."

ఆరెంపీ అంటే డిగ్రీ లేకుండా వైద్యం చేసే మనిషి.

"రాత్రి నిద్ర పడుతోందా?" అని అంజమ్మను అడిగాను.

"ఏడ నిద్ర మేడం! నీళ్లు తాగుడు, ఒంటికి లేసుడు. తెల్లార్లు గదే పని."

"షుగర్ పరీక్ష చేయించారా?"

మల్లయ్య నవ్వాడు. "గింత బక్కగున్నదానికి షుగర్ ఏంది మేడం? అది తిని కూసునేటోళ్లకు గద!"

గ్లూకోమీటర్, అంటే వేలి నుంచి రక్తపు బొట్టు తీసి చక్కెర కొలిచే చిన్న యంత్రం, అంకె కూడా చూపలేదు. 'హై' అంది. తాను కొలవగలిగిన దానికన్నా ఎక్కువని అర్థం. నాకు ఒళ్లు మండిపోయింది. చక్కెరతో చస్తున్న మనిషి నరంలోకి సీసాలకొద్దీ చక్కెర నీళ్లే ఎక్కించాడా మహానుభావుడు!

చక్కెర లేని సెలైన్ పెట్టి, అంబులెన్స్‌లో నగరంలోని పెద్దాసుపత్రికి పంపాను. వెంటనే ఆ ఆరెంపీకి ఫోన్ చేశాను.

"వాళ్లే అడిగిన్రు మేడం. నేను ఎక్కియ్యకపోతే ఇంకొకడు ఎక్కిస్తడు," అన్నాడు తాపీగా.

"ఆమె బతుకుతుందో లేదో తెలీదు! ఒక్క బొట్టు రక్తం చూడ్డానికి నీకేం రోగమయ్యా?" అని అరిచాను. బయట వరుసలో కూర్చున్న గర్భిణులు ఉలిక్కిపడ్డారు. పైవాళ్లకు ఫిర్యాదు చేశాను. కొన్నాళ్లు క్లినిక్ షట్టర్ దించాడు, మళ్లీ ఎత్తాడు.

అంజమ్మ ఐసీయూలో చావు దాకా పోయి వచ్చింది. ఇన్సులిన్ సూదులతో మా దగ్గరికి తిరిగొచ్చిన రోజు ఇంకా సరిగ్గా నిలబడలేకపోతోంది. మల్లయ్య నా టేబుల్ మీదికి వంగి గుసగుసగా, "మేడం, బలానికి ఒక్క గ్లూకోజ్..." అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అంజమ్మ అందుకుంది. "నీ నోట్ల మన్ను వడ! నన్ను సంపెదాంక ఊకోవా?"

అప్పటి నుంచి నీరసమంటూ చెయ్యి చాపి బల్లెక్కేవాళ్లను కిందికి దించి, ముందు వేలు ఇవ్వమంటున్నాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. బరువు ఎందుకు తగ్గుతున్నదో తెలియకుండా ఎవరికీ 'బలం' బాటిల్ పెట్టను. కొందరు కోపంగా లేచిపోతారు. ఎక్కడికి పోతారో నాకు తెలుసు. ఇవాళ పొద్దున వస్తూ చూశాను, ఆ షట్టర్ తెరిచే ఉంది.