గేటు చానల్

సీరియల్లో అత్తగారు మెట్లు దిగడానికే వారం పట్టేసరికి సక్కుబాయికి ఒళ్లు మండింది. మియాపూర్ ఫ్లాట్‌లో పగలంతా ఆమెకు తోడు ఆ టీవీయే. రిమోట్ నొక్కుకుంటూ భక్తి, వంటలు, నగల అమ్మకాలు అన్నీ దాటి చివరిదాకా పోతే, మాటా పాటా లేని చానల్ ఒకటి తగిలింది. అందులో కనిపిస్తున్నది తమ అపార్ట్‌మెంట్ గేటే! గేటు కెమెరాను కేబుల్ అతను అన్ని ఫ్లాట్ల టీవీలకూ కలిపాడన్నమాట.

ఇక ఆమె సీరియళ్ల మొహం చూడలేదు. వాచ్‌మన్ కునుకులు, డెలివరీవాళ్ల తగవులు కళ్లారా చూసింది. బీపీ అని నూనె మానేసిన భర్త రామన్న గేటు పక్కన మిర్చి బజ్జీలు లాగించి, మూతి తుడుచుకుని పైకొచ్చి, ఆకలి లేదంటూ నీరసంగా కూలబడ్డాడు. "సీరియళ్లల్ల గూడ గింత మంచిగ చేస్తలేరు" అనుకుని మురిసిపోయింది.

ఒక సాయంత్రం గేటు ముందు కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొనుక్కుని పైకొస్తే, ఎదురు ఫ్లాటు కర్నూలు శారదమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏమక్కా, ఈ పొద్దు బేరం తొందరగా ముగిస్తివే? నిన్న కరివేపాకు కోసం కొట్లాడితివి చూడు, అది శానా బాగుండె. ఇంటిల్లిపాదీ టీవీ ముందర కూచోని చూస్తిమి."

"అంటే నన్ను గూడ చూస్తున్నరా?" అంటూ సక్కుబాయి లోపలికి పోయి ధడాలున తలుపేసుకుంది.

మర్నాడు ఇస్త్రీ చీర కట్టి, పూలు పెట్టుకుని దిగింది. బండిని కెమెరాకు ఎదురుగా జరిపించింది. ఆ చానల్లో మాటలు వినపడవు కనుక, చేతులు బాగా తిప్పుతూ బేరం మొదలుపెట్టింది.