ఫ్లయర్‌లో నేనొక మహారచయిత్రిని

"అమ్మా, నువ్వు అమెరికన్ లిటరేచర్‌లో మేజర్ ఫిగర్ అని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది మా అమ్మాయి, ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చదువుతూ. నేనప్పుడు పప్పులో పోపు వేస్తున్నాను.

అది అమెరికాలోని మా ఆష్‌బర్న్ తెలుగు సంఘం ఫ్లయర్, అంటే సభకు పిలిచే కరపత్రం. అంతకుముందు వారమే నాకు సన్మానం చేశారు. నేను రాసింది ఒకే ఒక్క కథల పుస్తకం, అదీ తెలుగులో. కానీ మా సెక్రటరీగారికి ఎవరినైనా వేదిక ఎక్కిస్తే సరిపోదు, మునగచెట్టు కూడా ఎక్కించాలి. శాలువా కప్పుతూ నన్ను సాహితీ సామ్రాజ్ఞి అన్నారు, అమెరికా సాహిత్యానికే తలమానికం అన్నారు. నేను చేతులు జోడించి, తల వంచుకుని కూర్చున్నాను. పొగుడుతుంటే మధ్యలో కాదనడం మనకు మర్యాద కాదు. హాల్లో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరికి తోచినంత వాళ్లు తగ్గించుకుని విని, భోజనాలకు లేస్తారు. ఈసారి పిల్లలు కూడా రావాలని ఆయన ఫ్లయర్ ఇంగ్లీషులో వేయించారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ తగ్గింపు కాస్తా పోయింది. మా అమ్మాయి ఉన్నదున్నట్టు నమ్మేసింది.

నమ్మితే నమ్మింది, అక్కడితో ఆగిందా? హైస్కూల్లో వాళ్ల ఇంగ్లీషు టీచర్ ఒక రచయితను ఎంచుకోమంది. ఆ రచయిత అమెరికన్ సాహిత్యంలో ముఖ్యులా, కారా అని క్లాసు ముందు నిలబడి వాదించాలి. మిగతా పిల్లలు ప్రశ్నలు వేస్తారు. అందరూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవాళ్లను తీసుకుంటే ఇది నన్ను తీసుకుంది. టీచర్‌కి నా పేరు కూడా ఇచ్చేసింది.

"అది ఊరికే అలా రాస్తారమ్మా," అన్నాను.

"ఊరికే అంటే? లై ఆ?"

"లై కాదు. మర్యాద."

"మర్యాద అంటే ఫ్యాక్ట్ కాదు కదా అమ్మా."

వేరేవాళ్లను తీసుకోమంటే, టాపిక్ అప్రూవ్ అయిపోయింది అంది. ఇది క్లాసులో నిలబడి మా అమ్మ గొప్ప అంటుంది. వెనక కూర్చున్నవాడెవడో ఫోన్ తీసి వెతుకుతాడు. ఏమీ దొరకదు. నన్ను చూసి నవ్వితే నవ్వనీ, దాన్ని చూసి నవ్వుతారు. ఆ తర్వాత అది నా మాట ఏం నమ్ముతుంది? సెక్రటరీ అంకుల్ ఎక్కువ చేసి చెప్పారందామంటే, ఆ ఎక్కువను శాలువాతో సహా కప్పుకుని ఇంటికి వచ్చింది నేనే కదా.

ఈలోగా అది సాక్ష్యాలు సేకరించడం మొదలుపెట్టింది. సన్మానానికి వచ్చిన ఆంటీలకు ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి మరీ అడిగేది.

"ఆంటీ, మా అమ్మ బుక్ చదివారా?"

"ఎందుకు చదవలేదు నాన్నా. షోకేస్‌లోనే పెట్టుకున్నాం."

"మీకు ఏ స్టోరీ ఇష్టం?"

"అన్నీ బాగున్నాయి. కవర్ అయితే సూపర్ అని మీ అమ్మకి చెప్పు."

ఎవరిని అడిగినా ఇదే వరస. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టుంది నా సాహితీ సామ్రాజ్యం. నేను గిన్నెలు తోముతూ, వినబడనట్టు నటించాను.

దానికి తెలుగు చదవడం రాదు. ఆదివారం బడిలో గుణింతాల దగ్గరే ఆగిపోయింది. అందుకని ఒక కథ చదివి వినిపించమంది. వయొలిన్ క్లాసు బయట కారులో కూర్చుని చదివాను. అంతా విని "ఓకే" అని దిగి వెళ్లిపోయింది. నచ్చిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

రేపు క్లాసనగా సాయంత్రం నన్ను సోఫాలో కూర్చోబెట్టి, "ప్రాక్టీస్ చేస్తా, విను," అంది. టీవీ ముందు నిలబడి మొదలుపెట్టింది.

"మై మదర్ ఈజ్ నాట్ ఎ మేజర్ ఫిగర్ ఇన్ అమెరికన్ లిటరేచర్."

హమ్మయ్య. నా తల్లే, నా నెత్తిన పాలు పోసింది. అన్ని రోజుల భయం ఆ ఒక్క వాక్యంతో దిగిపోయి, సోఫాలో వెనక్కి వాలాను. కాదని దానికి తెలుసు. తెలిసి కూడా నన్ను దాచలేదు, వెనకేసుకురాలేదు.

మిగతాది కూడా ఇంగ్లీషులోనే చెప్పింది. శాలువాలు కప్పించుకున్నంత మాత్రాన ఎవరూ ముఖ్య రచయితలు అయిపోరట. పరీక్షకు అక్కర్లేకపోయినా జనం ఎవరి కథల గురించి పోట్లాడుకుంటారో వాళ్లే ముఖ్యులట. మా అమ్మ పుస్తకం అందరి ఇళ్లలో ఉంది, ఎవరూ తెరవలేదు, కాబట్టి ఎవరూ పోట్లాడుకోలేదు అంది. ఆవిడ అమెరికాలో కూర్చుని అమెరికా గురించే రాసింది, అమెరికాలో పుట్టిన నేను చదవలేను, ఇందులో తప్పెవరిదో నాకింకా తెలియదు అంది. అక్కడ నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధతో కాదు. నా రాతల గురించి ఇంత నిజంగా అంతవరకూ ఎవరూ మాట్లాడలేదు.

అయిపోయాక కాగితాలు టేబుల్ మీద పెట్టి, నా పక్కన కూలబడింది.

"అమ్మా, కార్‌లో ఒక స్టోరీ చదివావు కదా. స్నో పడుతుంటే పక్కింటి ఆమె సూప్ తెచ్చి నాక్ చేస్తుంది. ఈ ఆంటీ డోర్ వెనక నిలబడి అసలు ఓపెనే చేయదు. ఎందుకు?"

"కొత్తగా వచ్చింది కదమ్మా. ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో తెలియక భయపడింది."

"సో వాట్? థాంక్యూ చెప్తే చాలు కదా. ఆ రోజు నుంచీ నాకు ఆమె మీద కోపంగా ఉంది." కాళ్లు సోఫా మీదకు ముడుచుకుని, "రేపు ఇంకోటి చదువు. ఆమె డోర్ ఓపెన్ చేసేది," అంది.

"అలాంటి కథ లేదే."

"అయితే రాయి," అంది.