పడుకున్న గేటు

మా బావ చేసిన గేటు తెరిస్తే చప్పుడు కాదు. ముప్పై ఏళ్ళ పనిలో ఆయన గర్వపడిన సంగతి ఇదొక్కటే. మా చెల్లెలి మొగుడు కదా అని పొగుడుతున్నాననుకునేరు, ఆ గొప్ప ఒకసారి ఆయన మెడకే చుట్టుకుంది. వెనక వీధిలో గదులు అద్దెకిచ్చే ఒకావిడ, కొత్త గేటు పెట్టించుకున్న వారానికే కబురంపి పిలిపించింది.

"ఇదేం గేటయ్యా! అద్దెవాళ్ళు ఎప్పుడొస్తున్నారో ఎప్పుడు పోతున్నారో తెలిసి చావట్లేదు. పాతదైతే కిర్రుమని అరిచి చెప్పేది."

"గేటు పని దారివ్వడమమ్మా, చాడీలు చెప్పడం కాదు," అన్నాడట బావ.

ఆవిడ గేటుకో గంట కట్టుకుంది. ఆ అవమానానికి బావ ఇప్పటికీ ఆ వీధి తొక్కడు. పక్క సందులోంచి చుట్టూ తిరిగి పోతాడు.

అందరూ ఆయన్ని కీలు మేస్త్రి అంటారు. ఇంటి కింది భాగంలో ఆయన షెడ్డు. మొదటి అంతస్తులో వాళ్ళ కాపురం, మా చెల్లెలి కుట్టుమిషను. పైన ఒంటిగదిలో నేనూ నా పుస్తకాలూ. ఇనుము, గుడ్డ, కాగితం: ఈ ఇంట్లో పైకెక్కేకొద్దీ బరువు తగ్గుతుందని బావ అంటాడు. బుద్ధి కూడానని మా చెల్లెలు సవరిస్తుంది.

ఆలుమగలిద్దరూ కొలతల మనుషులే. అయినా కొలతల దగ్గరే ఇద్దరికీ పడదు. గోడకీ గోడకీ మధ్య ఎంతుంటే దానికి అరంగుళం తగ్గించి కోస్తాడు ఆయన, లేకపోతే గేటు తిరగదు. ఒంటికి ఎంతుంటే దానికి రెండు వేళ్ళు పెంచి కోస్తుంది ఆవిడ, లేకపోతే మనిషి తిరగడు. "మీ బావ చేతిలో గుడ్డ పెడితే ఊరంతా ఊపిరాడక పోతుందన్నయ్యా," అనేది. "మీ చెల్లెలు గేటు చేస్తే గోడలు పగలగొట్టుకోవాలి బావగారూ," అనేవాడు. మధ్యలో నేను పేజీ తిప్పేవాణ్ణి.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇంట్లో చిట్టి, ఉద్యోగంలో కూడా చిట్టి మేడమే. పన్నెండో ఏట ఎత్తు పెరగడం మానేసింది. పిల్ల మానేసినా తల్లి ఆశ మానలేదు. ఇరవయ్యేడేళ్ళొచ్చినా "పెరిగే పిల్ల" అంటూ ప్రతి బట్టా కాస్త వదులుగానే కుడుతుంది. ఆ పొట్టి మనిషి అటవీశాఖలో చేరి, గుట్ట మీద కాపలా తిరిగే పని కావాలని పట్టుబట్టింది. దొరికింది కూడా. చిక్కంతా కొత్త అధికారి వచ్చాక మొదలైంది. గుట్ట చుట్టూ ఉన్న దారి మొత్తం రెండు గంటల్లో సైకిల్ మీద తిరిగి రాగలిగినవాళ్ళకే ఆ పని, రాలేనివాళ్ళు ముందు గేటు దగ్గర కూర్చుని సందర్శకులకి టికెట్లు చింపాలి అన్నాడాయన. నెల గడువిచ్చాడు. శాఖవాళ్ళిచ్చిన సైకిళ్ళు ఆరడుగుల మగాళ్ళకి చేసినవి. రాళ్ళ పల్లాల్లో చిట్టి రెండుసార్లు పడింది. రెండోసారి మణికట్టు బెణికింది.

"గేటు దగ్గర కూర్చుంటే చచ్చిపోతా నాన్నా," అంది ఫోన్లో. బావ ఫోను పెట్టేసి మెట్లెక్కి నా గదికొచ్చాడు. ఆయన ఎక్కిన పదహారు మెట్లూ నాకు వినపడ్డాయి, గేటు కాదుగా.

"సైకిల్ ఫ్రేము చెయ్యడం ఎలాగో పుస్తకం ఉంటుందా బావగారూ?"

ఉంది. గ్రంథాలయంలో అడుగు అరలో, ఎవరూ ముట్టనిది. షెడ్డులో నేను చదివి తెలుగులో చెబుతుంటే, బావ వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదికి తోసుకుని ముక్కాలి పీట మీద కూర్చుని వినేవాడు. రాళ్ళ దారికి ముందూ వెనకా రెండు చోట్లా స్ప్రింగులుండాలని చదివాను. ముందుది తేలికే, చక్రాన్ని పట్టుకునే ఫోర్కులోనే ఉంటుంది. వెనకది వచ్చేసరికి నా గొంతు నీరసపడింది.

"వెనక చక్రం ఫ్రేముకి గట్టిగా అతుక్కుని ఉండదట బావా. ఒక ఇరుసు మీద ఊగుతుందట. రాయి తగిలితే చక్రమే పైకి లేస్తుంది, మనిషి లేవడు. దాన్ని మళ్ళీ మెల్లగా కిందికి దించడానికి షాక్ అబ్జార్బరట."

బావ లేచి షెడ్డు తలుపు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఇంతేనా! ఇది పడుకున్న గేటు బావగారూ. ముందు ఫ్రేము గోడ, వెనక చక్రం తలుపు. ఆఫీసుల్లో తలుపు దబ్బున పడకుండా పైన ఒకటి బిగిస్తారే, అదే మీ షాకు. గేటు పక్కకి తెరుచుకుంటుంది, ఇది పైకి తెరుచుకుంటుంది. దీనికింత లావు పుస్తకం ఎందుకు రాశారు?"

ఆ లావు పుస్తకంలో కొలతల అధ్యాయం ఒకటుంది. కాలి పొడవు తెలియాలంటే మనిషి చెప్పులు విప్పి గోడకి ఆని నిలబడి, ఒక దళసరి పుస్తకాన్ని రెండు కాళ్ళ మధ్య ఇరికించి పైకి నొక్కి పట్టుకోవాలట. పేజీ చివర మడిచినా ఓర్చుకోలేనివాణ్ణి. ఆ వాక్యం దగ్గర గొంతు సవరించుకుని, "కొలతలు తీసుకోవాలట," అని ముక్తసరిగా దాటేశాను.

"పిల్ల నెలాఖరుదాకా గుట్ట కింద క్వార్టర్సు వదిలి రాదుగా," అన్నాడు బావ.

"మీ ఆవిడ కొలతల పుస్తకం ఉందిగా!" అన్నాను. అంత తెలివైన మాట నేను జీవితంలో అనలేదనుకున్నాను.

మా చెల్లెలు పొంగిపోయింది. ముప్పై ఏళ్ళలో మొగుడు తన పుస్తకం అడగడం అదే మొదటిసారి. చిట్టి పేజీ తీసి, కాలు, చెయ్యి, నడుం నుంచి భుజం దాకా ఒక్కొక్కటీ చదివింది. బావ సుద్దముక్కతో షెడ్డు గోడ మీద రాసుకున్నాడు.

సైకిల్ గొట్టాలు గేటు గొట్టాల్లాంటివి కావు. ఉక్కే, కానీ గోరంత మందం. గేట్లకి అలవాటుపడ్డ చెయ్యి మొదటి నాలుగు ముక్కల్నీ చిల్లులు చేసేసింది. మా చెల్లెలు ఒకటి ఎత్తి వెలుగులో పెట్టి చూసి, "పిండి జల్లించుకోవచ్చు," అంది. దాంతో బావ వెల్డింగ్ మిషను పక్కన పెట్టి గ్యాసు మంట తీశాడు. ఇత్తడి తీగ కరిగించి అతుకు చుట్టూ పోశాడు. పదమూడో ముక్కకి గాని చెయ్యి కుదరలేదు. ఆవిడ మళ్ళీ వచ్చి వేలితో రాసి చూసి, "కుట్టు తిన్నగా పడింది," అంది. ఆ పూట బావ భోజనంలో ఉప్పు లేకపోయినా గమనించలేదు.

షాకూ, ఫోర్కూ, చక్రాలూ పాత సామాన్ల కొట్లో ఏరి తెచ్చాడు. వెనక కీలుకి వారం పట్టింది. రెండు బేరింగులు కూర్చి, ఇరుసు నూరి, మళ్ళీ నూరి, చివరికోరోజు నన్ను కిందికి పిలిచాడు. కళ్ళు మూసుకుని చక్రం చట్రాన్ని పైకీ కిందికీ ఊపాడు.

"వినపడుతోందా బావగారూ?"

"లేదే."

"దగ్గరికొచ్చి వినండి."

"ఏమీ వినపడట్లేదు బావా."

"అదీ!"

చిట్టి శుక్రవారం సాయంత్రం వచ్చింది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి పరీక్ష. గేట్లకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగుతో సైకిల్ షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. చిట్టి దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది, కీలు మీద చెయ్యేసి నొక్కింది, నవ్వింది, ఎక్కింది. ఎక్కాక నవ్వు ఆగింది. మునివేళ్ళు కూడా నేలకి ఆనలేదు. హ్యాండిల్ అందుకోవడానికి వంగితే, గోడెక్కి పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టుంది.

దిగి, సీటు నిమురుతూ అడిగింది:

"అమ్మా, ఇది కూడా పెరిగాక సరిపోతుందా?"

బావ గోడ మీది సుద్ద రాతలు చూశాడు.

"నీ పుస్తకంలో ఉన్నట్టే కోశానే."

"పుస్తకంలో ఉన్నవి ఒంటి కొలతలని ఎవరన్నారు? వదులు కలిపి రాసుకుంటాను నేను. దీని పేజీలో ఇంకో వేలు ఎక్కువే ఉంటుంది."

"ఆ మాట అప్పుడే చెప్పొద్దూ!"

"సైకిల్‌కి వదులుండకూడదని నాకేం తెలుసు? అయినా గోడ కనిపిస్తే అరంగుళం తగ్గించే మనిషి, దీనికెందుకు తగ్గించలేదట?"

"నీ పుస్తకం కదా అని..." అన్నాడు బావ, నేల చూస్తూ.

మా చెల్లెలు తన చెంగుతో ఆయన చేతి మసి తుడిచింది. అది చూడ్డం నాకు అదే మొదలు, అదే ఆఖరు. ఆ సందులో నేను కూడా నా పాపం కక్కేశాను: పుస్తకం ఇరికించే వాక్యం, నా దాటవేత, అంతా.

"నువ్వు కూడానా మామయ్యా!" అంది చిట్టి. తర్వాత తండ్రి పక్కన పీట లాక్కుని కూర్చుంది. "పోనీలే నాన్నా. గేటు దగ్గర కూర్చుంటాలే. నువ్వు చేసిన గేటేగా."

ఓదార్పుగానే అంది. బావకి మాత్రం చెంపదెబ్బలా తగిలింది. గుట్ట దగ్గర ముందు గేటూ వెనక గేటూ నాలుగేళ్ళ కిందట ఆయన చేసినవే. రెంటినీ అంత ముద్దుగా చేసింది కూతుర్ని వాటి పక్కన కట్టేయడానికా అన్నట్టు మొహం పెట్టాడు.

ముందుగా తేరుకున్నది మా చెల్లెలే.

"బిగుతైతే ఏడవాలి గానీ వదులైతే ఏమైంది? కుట్లు విప్పి లోపలికి పట్టండి."

"ఇదేమన్నా లంగానా?"

"మరి ఆ ఇత్తడి కుట్టు విప్పితే రాదా?"

బావ తలెత్తాడు. మంట పెడితే ఇత్తడి కరుగుతుంది, ఉక్కు కరగదు. ఆ సంగతి ఆయనకి తెలియంది కాదు. తెలిసినా ఎవరో ఒకరు గట్టిగా అనాలి కాబోలు.

శనివారం పొద్దున్నే మళ్ళీ కొలతలు. చిట్టి ఉత్తకాళ్ళతో గోడకి ఆని నిలబడింది. నా దగ్గరున్న వాటిలో దళసరిది నిఘంటువు. నేనే తెచ్చిచ్చి అటు తిరిగి నిలబడ్డాను. మా చెల్లెలు టేపు పట్టి అంకె చెప్పి, అలవాటు కొద్దీ, "దానికో రెండు..." అని మొదలుపెట్టగానే ముగ్గురం ఒక్క గొంతుతో అరిచాం. బావ సుద్దముక్క ఎత్తాడు.

"నాన్నా, నువ్వు తగ్గించకు కూడా!" అంది చిట్టి. "నేనెంతుంటే అంతే రాయి. ఒక్కసారికి."

అంతే రాశాడు. పై గొట్టం తీసేసి, పొట్టిది కొత్తగా కోసి కాస్త దిగువకి పెట్టాడు. కింది గొట్టంలో మూడు వేళ్ళు తీశాడు. సీటు గొట్టం తల కొట్టేశాడు. వెనక కీలు జోలికి మాత్రం పోలేదు. ఆదివారం మధ్యాహ్నానికి అయింది. రంగెయ్యడానికి వేళ లేదు. ఆకుపచ్చ మధ్యలో పచ్చి ఉక్కు, దాని చుట్టూ పసుప్పచ్చని ఇత్తడి కుట్లు. అతుకుల బొంతలా ఉంది. చిట్టి ఎక్కి రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనించి అలాగే నిలబడిపోయింది. "దిగవే, భోజనానికి రా," అన్నా దిగలేదు.

సోమవారం ముగ్గురం గుట్ట దగ్గరికెళ్ళాం. దారి ముందు గేటులో మొదలై, గుట్ట చుట్టి, ఆఫీసు వెనక గేటులోంచి వస్తుంది. వచ్చినవాళ్ళు లోపల గుమాస్తా దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి. సరిగ్గా ఎనిమిదింటికి చిట్టి బయల్దేరింది. అధికారి వరండాలో కుర్చీ వేయించుకుని, మమ్మల్నీ కూర్చోమని, పేపరు తెరిచాడు.

"కంగారు పడకండి. వస్తే వెనక గేటు చప్పుడవుతుందిగా, తెలుస్తుంది."

బావ ఏదో అనబోయి మింగేశాడు.

తొమ్మిదిన్నర అయింది. పావు తక్కువ పది. మా చెల్లెలు చీర చెంగు మెలిపెడుతూ, "పడిందేమోనండీ," అని మూడోసారి అంది. పదికి ఐదు నిమిషాలుందనగా అధికారి పేపరు మడిచి నిట్టూర్చాడు.

"పాపం, ప్రయత్నించింది. ఇంకా జాడ లేదంటే..."

"సార్," అంది వెనకనుంచి చిట్టి. మోచేతుల దాకా బురద, చేతిలో మంచినీళ్ళ గ్లాసు. "సంతకం పెట్టి పావుగంటైంది. మీరు పేపరు చదువుతున్నారని ఆగాను."

అధికారి నమ్మలేదు. రిజిస్టరు తెప్పించి చూశాడు. తొమ్మిదీ నలభై. గుమాస్తా తన చేత్తోనే టైము వేశాడు.

"మరి గేటు చప్పుడు కాలేదే!"

మా చెల్లెలు కూతుర్ని పట్టుకుని ఏడ్చింది, ఆ ఏడుపులోనే చొక్కా మోచేతుల దగ్గర లాగుతోందని కూడా అంది. బావ మాత్రం లేచి నా దగ్గరికొచ్చి, చెవిలో, "మీకేమైనా వినపడిందా బావగారూ?" అన్నాడు.

"లేదు బావా."

"సైకిల్ కూడా?"

"అదీ లేదు."

అప్పుడు కూర్చున్నాడు.

బయల్దేరేముందు అధికారి చల్లగా అన్నాడు: "మేస్త్రీ, పిల్లకి గుట్ట ఇచ్చేశాం, సంతోషమే. ఆ గేటుకి మాత్రం కాస్త కిర్రుమనేట్టు ఏదైనా చెయ్యండయ్యా."

"సైకిల్‌కి గంట పెడతాను సార్," అన్నాడు బావ. "గేటు జోలికి రాకండి."

పెట్టాడు. ఆయన చేతుల మీదుగా పోయిన వస్తువుల్లో చప్పుడు చేసేది అదొక్కటే. వారానికోసారి చిట్టి ఇంటికొస్తుంది. వీధి మొదట్లో గంట మోగగానే కింద షెడ్డులో సుత్తి ఆగుతుంది. ఆ తర్వాత మా ఇంటి గేటు తెరుచుకుంటుంది. అది నేనెన్నడూ వినలేదు. పైన కూర్చుని సుత్తి మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో చూసి, పిల్ల లోపలికొచ్చిందని తెలుసుకుంటాను.