మెరవని పాలిష్

శాంతకుమారి పాలిష్ పెట్టిన తలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. మిర్యాలగూడలో కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకు కావలసింది కూడా అదే. ఒకప్పుడు దామరచర్ల కరెంటు ప్లాంటు కట్టడం పనుల్లో సిమెంటు తట్టలు మోసి నడుము పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు బ్రష్షు పట్టి బతుకుతోంది. మళ్లీ ఆ తట్ట నెత్తికెత్తుకోవడమంటే ఆమెకు చచ్చేంత భయం.

అందుకే జగదీష్ పడవ పని దొరికితే ఎగిరి గంతేసింది. కృష్ణలో యాత్రికులను తిప్పడానికి అతను కట్టిస్తున్న పడవ అది. స్నానాల గది నేలకు టేకు చెక్కలు, నీళ్లు కిందికి పోయేలా సందులు వదిలి బిగించారు. ఈ నేల నచ్చితే పడవలోని చెక్కపనంతా ఆమెదే.

"పాలిష్ అద్దం లెక్కుండాలె అక్కా," అన్నాడు జగదీష్.

అద్దంలాగే చేసింది. మురిసిపోతూ వచ్చిన జగదీష్ తడి నేలమీద కాలు పెట్టి, చతికిలబడ్డాడు. అడిగిందీ అతనే, పడిందీ అతనే, తిట్లు మాత్రం ఆమెకు!

"ఇగ చెక్క ఖతం. వచ్చే వారం టైల్స్ ఏపిస్త. నువ్వు పో."

"జర ఆగు తమ్మీ! మా ఇంట్ల స్నానం పీట మీద ఎప్పటిసంది కూసుంటున్నం, ఎవలన్న జారిన్రా? దానికి పాలిష్ ఎవలు పెట్టిన్రు?"

ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకు దారి దొరికింది: పాలిష్ లేని చెక్క మీద కాలు జారదు. టైల్స్ వాళ్లు వచ్చేలోపే తను పెట్టిన మెరుపునంతా ఉప్పుకాగితంతో రుద్ది తీసేసింది. ప్రాణం ఉసూరుమంది. కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో చెక్క చారల వెంబడి తోమి కడిగింది. బాగా ఆరాక అవిసె నూనె పలచగా పట్టించి, పైన మిగిలింది బట్టతో తుడిచేసింది. అది ఇంకేదాకా ఎవరినీ తొక్కనివ్వలేదు.

వారం తిరిగాక, మెరుపు లేని నేలను చూసి జగదీష్ ముఖం మాడ్చుకున్నాడు. అతని తల్లి కాటమ్మ మాత్రం బకెట్ నీళ్లతో లోపలికి నడిచి తలుపేసుకుంది. మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె కుర్చీలో కూర్చునే స్నానం చేస్తోంది. కొడుకు వద్దన్నా వినలేదు.

కాసేపటికి నీళ్ల చప్పుడు ఆగింది.

"అమ్మా, పడ్డవా?" జగదీష్ తలుపు బాదాడు.

"పడుడెందుకురా? ఏం పట్టుకోకుండ నిలబడే పోసుకుంటున్న. ఇంకో బకెట్ నీళ్లియ్యి."

జగదీష్ ఫోన్ తీసి టైల్స్ వాళ్లను రావద్దన్నాడు. శాంతకుమారి బకెట్ నింపుతూ, పట్టలేని సంతోషంతో ఏడ్చేసింది.